అరటన్ను బలం పడినా విరగని భుజం

ఒంగోలు నుంచి ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా తాతయ్య ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. త్రీ నాట్ త్రీ రైఫిలు పేలిస్తే భుజం కమిలిపోయేదని చెప్తుంటారు. నేను లెక్క వేశాను. గుండు 11.3 గ్రాములు, వేగం సెకనుకు 744 మీటర్లు, గొట్టం పొడవు 64 సెంటీమీటర్లు. సగటు బలం దగ్గర దగ్గర 4,900 న్యూటన్లు వచ్చింది. అంటే 500 కిలోల బరువు. మూడో నియమం ప్రకారం అదంతా తాతయ్య భుజం మీదే పడాలి కదా? అరటన్ను పడితే కమలడమేంటి, ఎముక పిండైపోవాలి. నా లెక్క తప్పా, తాతయ్య మాట తప్పా?"

అమ్మాయ్, నీ లెక్క తప్పు కాదు. మీ తాతయ్య మాటా తప్పు కాదు. నువ్వు కనుక్కున్న బలం నిజంగానే ఉంది, కాకపోతే అది భుజం దాకా రాదు. ఈ ఒక్క ముక్కా చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను కావలిలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాను, ఇన్నేళ్లలో ఒక్క పిల్లా పిల్లాడూ ఈ ప్రశ్న అడగలేదు. సూత్రంలో అంకెలు వేసి, జవాబు కింద రెండు గీతలు గీసి, కాయితం ఇచ్చేసి పోయేవాళ్లే. పాఠాలతో పాటు కాలేజీ ఎన్‌సీసీ కూడా నేనే చూసేవాణ్ణి కాబట్టి, వారమంతా బోర్డు మీద రాసిన ద్రవ్యవేగ నిత్యత్వం ఆదివారం తుపాకి పేల్చే రేంజిలో నా భుజానికే తగిలేది. అందుకని తీరిగ్గా రాస్తాను.

ముందు మూడో నియమం సంగతి. చర్యకు ప్రతిచర్య సమానం అని బట్టీ పట్టేటప్పుడు, ఎవరి మీద ఎవరు అన్నది జారిపోతుంది. తూటాలో మందు అంటుకుంటే వేడి వాయువు పుడుతుంది. అది గుండుని ముందుకి తోస్తుంది, ఇంచుమించు అంతే బలంతో ఖోకా (తూటా ఇత్తడి డొల్ల) అడుగునీ, దాని వెనక గొట్టాన్ని మూసి ఉంచే బోల్టునీ వెనక్కి తోస్తుంది. నీ 4,900 న్యూటన్లు ఇక్కడివి. అదీ సగటే. మందు భగ్గుమన్న తొలి క్షణాల్లో దానికి రెండింతల పైనే ఉంటుంది. బట్టుకీ (భుజానికి ఆనించే రైఫిలు వెనక కొస) భుజానికీ మధ్య ఉండే బలం వేరే జత. ఈ జతలో బలం ఆ జతలో బలానికి సమానంగా ఉండాలని న్యూటన్ ఎక్కడా చెప్పలేదు. రైఫిలుని కదలకుండా బండరాయికి బిగిస్తే రెండూ ఇంచుమించు సమానమవుతాయి. కానీ రైఫిలు కదులుతుంది. దానికి నాలుగు కిలోల పైచిలుకు బరువుంది. ఆ అరటన్ను బలం దాదాపు మొత్తం ఆ నాలుగు కిలోల్ని కదిలించడానికే సరిపోతుంది.

అదీ ఎంతసేపని? గుండు గొట్టంలో ఉండేదే ఒకటిన్నర మిల్లీసెకను, అటూ ఇటూగా. ఆలోగా రైఫిలు ఎంత వెనక్కి జరుగుతుందో నువ్వే చూడొచ్చు. గుండు 64 సెంటీమీటర్లు ముందుకి పోతే, బరువుల నిష్పత్తిలో రైఫిలు వెనక్కి రావాలి. మందు బరువులో సగం కూడా గుండుతో కలుపుకుంటే వచ్చేది రెండు మిల్లీమీటర్లు. ఇప్పుడు నీ భుజం గుంటలో వేలు పెట్టి, కండ రెండు మిల్లీమీటర్లు దిగేట్టు నొక్కు. పెద్ద బలమేమీ అక్కర్లేదు గదా? గుండు గొట్టం దాటే వేళకి మీ తాతయ్య భుజానికి తెలిసింది అంతే.

కొత్తపట్నంలో ఎప్పుడైనా పడవ మీద నుంచి ఒడ్డుకి దూకావా? నువ్వు ఇటు దూకితే పడవ అటు పోతుంది. పడవకి కట్టిన మోకు వదులుగా ఉందనుకో, నువ్వు దూకిన క్షణాన మోకుకి ఏమీ తెలీదు. పడవ కాస్త దూరం పోయాక మోకు బిగుసుకుని గుంజుతుంది. ఆ గుంజుడు ఎంత గట్టిగా ఉంటుందన్నది నువ్వు కాళ్లతో పడవని ఎంత బలంగా తన్నావన్న దాని మీద నేరుగా ఆధారపడదు. పడవ ఎంత బరువు, ఎంత వేగం మీద ఉంది, మోకు ఎంత సాగుతుంది, ఇవీ లెక్కలోకొచ్చేవి. భుజం ఆ మోకు లాంటిది.

కాబట్టి అడగాల్సింది రైఫిలు ఎంత వేగంతో వెనక్కొస్తుంది, ఎంత దూరంలో ఆగుతుంది అని.

వేగం సులువే, అయితే పుస్తకంలో వదిలేసే ముక్క ఒకటుంది. గుండు ద్రవ్యవేగం నీ అంకెల ప్రకారం 8.4. పుస్తకం ఇక్కడితో ఆపి, దీన్ని రైఫిలు బరువుతో భాగించమంటుంది. మరి మందు ఏమైనట్టు? త్రీ నాట్ త్రీ తూటాలో మందు సుమారు 2.4 గ్రాములు. అది మాయమైపోదు, వాయువై గుండు వెనకాలే బయటికి దూకుతుంది, గుండు కంటే చాలా ఎక్కువ వేగంతో. దానికి సెకనుకు 1,300 మీటర్లు వేసుకున్నా మరో 3.1 వస్తుంది. మొత్తం 11.5. అంటే తన్నులో నాలుగో వంతు పైగా గుండుది కాదు, గాలిది. నమ్మబుద్ధి కాకపోతే షార్ వైపు చూడు (శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి అదింకా నెల్లూరు షారే). అక్కడ లేచే రాకెట్‌లో గుండనేదే లేదు. వెనక్కి దూకేది ఒట్టి వాయువు, ఆ తన్నుడుకే వందల టన్నులు పైకి లేస్తున్నాయి. కొన్ని తుపాకుల మూతి దగ్గర పక్కలకి చీలికలు పెట్టడం కూడా ఇందుకే. ఆ వాయువుని పక్కకో వెనక్కో మళ్లిస్తే దాని వంతు తన్ను తగ్గుతుంది. కాకపోతే పక్కన పడుకున్న వాడి చెవులు గుయ్యిమంటాయి.

11.5ని 4.1 కిలోలతో భాగిస్తే సెకనుకు 2.8 మీటర్లు. గతిజశక్తి 16 జౌళ్లు. గుండు తీసుకుపోయిన శక్తేమో 3,100 జౌళ్ల పైమాటే. ద్రవ్యవేగం ఇద్దరికీ సమానంగా పంచినా శక్తి పంపకంలో తేలికైన వాడికే పెద్ద వాటా దక్కుతుంది, లేకపోతే పేల్చినవాడికీ గుండు తగిలినవాడికీ తేడా ఉండేది కాదు.

16 జౌళ్లంటే పిల్లలకి ఏమీ తట్టదని నేను క్లాసులో దాన్ని ఎత్తులోకి మార్చి చెప్పేవాణ్ణి. అదే రైఫిలుని బట్టు కిందికి ఉండేట్టు నిలబెట్టి, పడుకున్న మనిషి భుజం మీదకి వదిలితే, ఎంత ఎత్తు నుంచి పడితే 2.8 వేగం వస్తుంది? 40 సెంటీమీటర్లు. మూరెడు కంటే కాస్త తక్కువ. త్రీ నాట్ త్రీ తన్ను అంటే ఇంతే, మూరెడెత్తు నుంచి రైఫిలు భుజం మీద పడటం. చావం, కానీ సరదాగా కూడా ఉండదు. తర్వాతొచ్చిన ఇన్సాస్ రైఫిలులో గుండు నాలుగు గ్రాములే కాబట్టి ఇదే లెక్కలో పది సెంటీమీటర్లు. ఎన్‌సీసీ పిల్లల చేతికిచ్చే చిన్న రైఫిలు పాయింట్ టూటూ అయితే అయిదు మిల్లీమీటర్లు! పుస్తకం అట్ట మందం నుంచి పడ్డట్టు. ఆ టూటూ సంగతి మళ్లీ చెప్తా, అందులో ఒక తమాషా ఉంది.

ఇక ఆగే దూరం. నెల్లూరు రైసుమిల్లుల్లో లారీ మీద నుంచి బస్తా వీపు మీదకి తీసుకునే హమాలీని ఎప్పుడైనా గమనించు. బస్తా వీపుని తాకే క్షణంలో మోకాళ్లు కొద్దిగా వదులు చేస్తాడు. బస్తాతో పాటు నాలుగంగుళాలు కిందికి దిగి, అప్పుడు నిలబడతాడు. కొత్తగా చేరినవాడు కాళ్లు కర్రల్లా బిగబట్టి నిలబడితే అదే బస్తా వాడి నడుం విరగ్గొడుతుంది. బస్తా అదే, ఎత్తూ అదే. తేడా ఆ నాలుగంగుళాల్లో ఉంది. శక్తిని దూరంతో భాగిస్తే సగటు బలం, అంతకు మించి సూత్రం లేదు.

నా మొదటి త్రీ నాట్ త్రీ రౌండు నేను కాంప్టీలో పేల్చాను, ఎన్‌సీసీ ఆఫీసర్ల శిక్షణకి పోయినప్పుడు. బోర్లా పడుకున్నాం. నాకు ఫిజిక్సు తెలుసన్న ధీమా ఒకటి. బట్టు దూరంగా ఉంటే దెబ్బ తగలదన్నట్టు, తెలియకుండానే భుజానికి వేలెడు ఎడం వదిలి పట్టుకున్నా. ట్రిగ్గర్ నొక్కాను. రైఫిలు ఆ ఎడంలో పూర్తి వేగం అందుకుని, ఇత్తడి బట్టు అంచుతో వచ్చి నా కాలర్ ఎముక మీద వాలింది. కళ్ల ముందు మిణుగురులు. ఎముక మీద కండెంత ఉంటుంది? ఎనిమిది మిల్లీమీటర్లలో ఆగిందనుకుందాం: 16ని 0.008తో భాగిస్తే 2,000 న్యూటన్లు, రెండు క్వింటాళ్ల బరువు. మర్నాటికి అక్కడ వంకాయ రంగు తేలింది, వారానికి పసుప్పచ్చగా మారింది. మాకు పేల్చడం నేర్పే ఉస్తాద్ ఏమీ తిట్టలేదు. వంగి, నా కుడి మోచెయ్యి పక్కకి జరిపి, బట్టుని వెనక్కి లాగి భుజం గుంటలో కూర్చోబెట్టి, "అబ్ మారో" అన్నాడు. రెండో రౌండు పేలితే, ఎవరో అరచేత్తో గట్టిగా తోసినట్టు అనిపించిందంతే. ఈసారి కండ అణిగింది, భుజం వెనక్కి పోయింది, దాంతో ఒళ్లు కూడా కొంచెం జరిగింది. అంతా కలిపి నాలుగు సెంటీమీటర్లు వేసుకో. 16ని 0.04తో భాగిస్తే 400 న్యూటన్లు, 40 కిలోలు. నిజానికి బిగించి పట్టినప్పుడు ఒంటి బరువులో కొంత మొదటినుంచే రైఫిలుతో కలిసి కదులుతుంది కాబట్టి ఇంకా తక్కువే.

అదే రైఫిలు, అదే తూటా, అదే భుజం. ఒకసారి 2,000, ఒకసారి 400. అందుకే "ఈ తుపాకి భుజం మీద ఎన్ని న్యూటన్లు వేస్తుంది" అని ఎవరైనా ఒకే అంకె చెప్తే నేను నమ్మను. ద్రవ్యవేగం తుపాకిది, తూటాది. బలం మాత్రం సగం పట్టుకున్నవాడి చేతిలో ఉంది. కాలంతో కూడా సరిచూసుకో: భుజం ఆపాల్సిన ఆ 11.5 ద్రవ్యవేగాన్ని 400తో భాగిస్తే 29 మిల్లీసెకన్లు. గొట్టంలో ఒకటిన్నర మిల్లీసెకన్లలో జరిగిన పనిని భుజం ఇరవై రెట్ల తీరుబడిగా అందుకుంటోంది. నీ 4,900 పోయిన చోటు అదే.

పడుకుని పేలిస్తే తన్ను ఎక్కువ, నిలబడి పేలిస్తే తక్కువ అనిపించడానికి కూడా ఇదే కారణం. నిలబడ్డ మనిషి నడుం దగ్గర వెనక్కి ఊగుతాడు, ఆగే దూరం పెరుగుతుంది. బోర్లా పడుకున్న ఒళ్లు వెనక్కి ఎక్కడికి పోతుంది? మీ తాతయ్యని అడుగు, ఒప్పుకుంటారు.

తేలిక తుపాకి మంచిదనుకునే వాళ్లకోసం ఒక మాట. ద్రవ్యవేగం మారదు కాబట్టి తుపాకి బరువు సగమైతే వేగం రెట్టింపు, శక్తీ రెట్టింపు. బరువైన రైఫిలు మోసేటప్పుడు విసుగు, పేల్చేటప్పుడు దయ.

ఇప్పుడు పన్నెండు బోరు. ఉదయగిరి కొండల పక్క పల్లెల్లో అడవిపందుల బెడదకని లైసెన్సుతో ఉంచుకునే తుపాకులు ఎక్కువగా ఇవే, ఒంటి గొట్టంవో రెండు గొట్టాలవో. ఎన్నికలొస్తే వాటిని తీసుకుపోయి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం ఆ ఊళ్లలో ఒక తిరణాల. చూడటానికి పాతకాలం సరుకులా ఉంటుంది గానీ, తన్నులో త్రీ నాట్ త్రీకి రెట్టింపు. గుండ్లన్నీ కలిపి 32 గ్రాములుంటాయి. వేగం సెకనుకు 370 మీటర్లే అయినా, బిరడా, వాయువు కలుపుకుంటే ద్రవ్యవేగం 14 దాటుతుంది. తుపాకేమో మూడు కిలోల పైన. వేగం నాలుగున్నర, ఎత్తులో చెప్పాలంటే ఒక మీటరు.

మా మేనమామ ఒకాయనకి ఆ వైపు సెనగచేను ఉండేది. ఒకనాటి తెల్లారగట్ట పంది గుంపు మీదకి ఎక్కుపెట్టి, కంగారులో రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి నొక్కేశాడు. రెండు గొట్టాలు పేలితే తన్ను రెండింతలని ఎవరైనా అనుకుంటారు. ద్రవ్యవేగం రెండింతలే. తుపాకి బరువు అంతే కాబట్టి వేగం రెండింతలు, శక్తి నాలుగింతలు. ఎత్తు ఒక మీటరు కాస్తా నాలుగు మీటర్లయింది, అంటే మిద్దె మీద నుంచి తుపాకి భుజం మీద పడ్డట్టు. ఆయన వెనక ఉన్న గనిమ మీద వెల్లకిలా పడ్డాడు, కాలర్ ఎముక చిట్లింది, నలభై రోజులు చెయ్యి మెడకి వేలాడింది. పందులు మాత్రం క్షేమం. వర్గం అంటే ఏంటో క్లాసులో చెప్పాల్సొచ్చినప్పుడల్లా నాకు మామే గుర్తొచ్చేవాడు.

టూటూ సంగతి చెప్తానన్నా గదా. ఒక క్యాంపులో అల్లూరు పక్క నుంచి వచ్చిన ఒక క్యాడెట్ పిల్ల అయిదు రౌండ్లు పేలిస్తే, అయిదూ టార్గెట్ అడుగున మట్టిలో పడ్డాయి. తుపాకి బాగా తంతోంది సార్, అంది. అయిదు మిల్లీమీటర్ల తన్ను! తన్నినా సరే, అది గురిని ఎట్టా చెడగొడుతుంది? మనిషి ఒంటికి ఏదన్నా తగిలినట్టు తెలిసి, కండ తిరిగి స్పందించడానికి సెకనులో ఆరో వంతైనా పడుతుంది. అప్పటికి టూటూ గుండు యాభై మీటర్లు దాటిపోయి ఉంటుంది. రేంజి చూస్తే పాతిక గజాలు. అంటే తన్ను తెలిసేలోపే గుండు మట్టిలో ఉంది. మరి చెడగొట్టింది ఎవరు?

ఆ పిల్ల పక్కన పడుకుని, ఈసారి నేను లోడ్ చేసిస్తానని రైఫిలు తీసుకుని, బోల్టు ఆడించి, లోపల రౌండు లేకుండానే ఇచ్చాను. ఊపిరి బిగబట్టింది, గురి కోసం ఒక కన్ను మూసింది, నొక్కింది. టక్ మంది అంతే. కానీ మూతి జానెడు కిందికి దిగింది, భుజం ముందుకి ఉరికింది, రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాయి. పేలని తుపాకి తన్నుకి ఎదురు తన్నింది! తిరిగి నా మొహం చూసి, పక్కుమని నవ్వేసింది. ఆ సాయంత్రమంతా ఖాళీ రైఫిలు గొట్టం మీద రూపాయి బిళ్ల పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కించా. బిళ్ల ముప్పై సార్లు పడి ఉంటుంది. మర్నాడు అయిదు రౌండ్లూ అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. ఆమె భయపడింది తన్నుకి కాదు, చప్పుడుకి. చప్పుడుని చెవి కొలుస్తుంది, తన్నుని భుజం కొలుస్తుంది, రెంటినీ కలిపి మనసు ఒక అంకె చెప్తుంది. ఆ అంకె ఏ సూత్రంలోనూ ఇమడదు.

పేలినప్పుడు మూతి పైకి లేవడం మాత్రం నిజమైన ఫిజిక్సే. గొట్టం గీత పైన ఉంటుంది, బట్టు భుజాన్ని ఆనేది దానికి కింద. వెనక్కి తోసేది పైన, ఆపేది కింద అయితే తుపాకి తిరగక తప్పదు.

ఆగే దూరం పెంచడం అన్న ఉపాయం ఫిరంగుల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. పాత ఫిరంగి పేలితే బండితో సహా వెనక్కి దొర్లేది. ప్రతిసారీ తోసుకొచ్చి మళ్లీ గురి సర్దాల్సిందే. 1897లో ఫ్రాన్స్ 75 మిల్లీమీటర్ల ఫిరంగి చేసినప్పుడు గొట్టాన్ని నూనె, గాలి ఉన్న సిలిండర్ మీద కూర్చోబెట్టారు. పేలితే గొట్టం ఒక్కటే మీటరు పైచిలుకు వెనక్కి జారి, మెత్తగా ఆగి, తనంతట తానే ముందుకొస్తుంది. బండి ఉన్నచోటే ఉంటుంది. మా హమాలీ మోకాలు అదే పని చేస్తోంది, పేటెంట్ లేకుండా.

సినిమాల్లో గుండు తగిలినవాడు గాల్లో ఎగిరి గాజు తలుపు పగలగొట్టుకుపోవడం గురించి నువ్వు అడగలేదు గానీ, అదీ నీ అంకెలతోనే తేలిపోతుంది. 8.4ని 70 కిలోలతో భాగించు. సెకనుకు 12 సెంటీమీటర్లు. చీమల బారు చూసి కాలు వెనక్కి తీసుకునేంత. తగిలినవాడు ఎగిరేట్టయితే పేల్చినవాడు అంతకంటే ముందే ఎగరాలి.

ఇంకొక్కటి మిగిలింది, అది నువ్వే చెయ్యి. ఆ రోజుల్లో రేంజికి పోయేటప్పుడు చొక్కా లోపల భుజం మీద తువ్వాలు మడత పెట్టుకునేవాళ్లు, చాలామంది కానిస్టేబుళ్లు. మీ తాతయ్య పెట్టుకునేవారో లేదో, ఎన్ని మడతలు పెట్టేవారో అడుగు. అణిగాక కూడా ఆ మడతలు ఒక సెంటీమీటరు దూరం కలిపాయనుకుని, నేను కాంప్టీలో తిన్న ఆ మొదటి దెబ్బ లెక్క మళ్లీ వెయ్యి. నాకు 890 న్యూటన్లు వచ్చాయి. నీకెంత వచ్చిందో రాయి.